మా చర్చి చరిత్రలోకి చొరబడ్డ చిరుత

మా ఊరి మెథడిస్టు చర్చి వయసెంతో మాలో ఎవరికీ తెలియదు. పునాదిరాయి ఉంది. దానిమీద అక్షరాలూ ఉన్నాయి. కానీ ప్రతి క్రిస్మస్‌కీ ముందు గోడలకి సున్నం వేసేవాళ్ళు, పనిలో పనిగా ఆ రాయికీ భక్తిగా ఒక పూత వేసి పోతూ వచ్చారు. తర్వాత సున్నం పోయి ఎనామెల్ పెయింటు వచ్చింది. ఇప్పుడా రాయిని వేలితో తడిమితే ఏదో రాసి ఉన్నట్టు తెలుస్తుంది గానీ, ఏం రాసి ఉందో దేవుడికే తెలియాలి. గీకి చూద్దామని నేనంటే, గీకితే పెయింటు పాడవుతుందని కమిటీ ఒప్పుకోలేదు. చివరికి మా సెక్రటరీ బావ తేల్చేశాడు.

“వందేళ్ళని రాసేద్దాం బావా. తొంభయ్యంటే సూపరింటెండెంటు గారొత్తారు. వందంటే బిషప్పుగారొత్తారు.”

అలా మా చర్చికి వందేళ్ళు నిండాయి.

సెక్రటరీ బావ నాకు నిజంగా బావ కాడు. రిటైరైన హెడ్‌మాస్టరు. అనకాపల్లిలో రెండుసార్లు కలిసి టీ తాగిన మగవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు బావలో మామలో అయిపోతారు, అంతే.

వందేళ్ళ పండుగ అన్నాక సావనీరు పుస్తకం వెయ్యాలి. సావనీరు అన్నాక అందులో చరిత్ర ఉండాలి. ఆ రాసే పని నా నెత్తిన పడింది. నాకు చరిత్ర తెలుసని కాదు. బెల్లం మార్కెట్‌కి వెళ్ళే దారిలో నాకో జెరాక్స్ షాపు ఉంది, అందులో తెలుగు టైపింగు చేస్తాను. అదీగాక ఊళ్ళో నాకు కొంచెం పేరుంది. శారదా నదికి వరదొచ్చినప్పుడు మా గేదె రాంబిల్లి దాకా కొట్టుకుపోయి, అక్కడ ఈని, దూడని వెంటబెట్టుకుని ఆర్టీసీ బస్సు వెనకాలే నడుచుకుంటూ ఇంటికొచ్చిందని నేను చెబితే నమ్మినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. గేదె నిజమే. వరదా నిజమే.

“కంప్యూటరు నీదే, కాయితం నీదే. నోరంటావా, అది నీకు దేవుడు మామూలుగా ఇవ్వలేదు. నువ్వు గాక ఇంకెవడు రాత్తాడు?” అన్నాడు సెక్రటరీ బావ కమిటీ మీటింగులో. దాన్ని పొగడ్త కింద రాసుకోమని పక్కనే ఉన్న పాస్టరుగారు నవ్వారు.

సరే, ఇంటింటికీ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ టీ ఇచ్చారు. ప్రతి ఇంట్లోనూ వాళ్ళ తాతే పునాదిరాయి మోశాడు. ఆ రాయిని ఇద్దరు మనుషులు సులువుగా ఎత్తేయొచ్చు. నాకు అందిన సమాచారం ప్రకారం దాన్ని ఊరు ఊరంతా మోసింది. రాయి మొయ్యనివాళ్ళ తాతలు మిషనరీ దొరగారి గుర్రానికి గడ్డి వేశారు. అంత గడ్డి తిన్న గుర్రం ఎలా బతికిందో అని నేను అడిగితే, “అన్నిటికీ ఎటకారవే నీకు” అని తిట్టి, రెండో టీ ఇవ్వకుండా పంపేశారు. అబద్ధాలాడటం నా వృత్తి అనుకునే ఊళ్ళో, నిజం కోసం తిరిగితే నాకు దక్కిన మర్యాద ఇది.

నిజానికి మా చర్చిలో పాతదంటూ మిగిలింది ఒక్కటే. అది రాయి కాదు, ఒక ఆగడం.

మేం ప్రతి ఆదివారం పాడే పాట ఒకటుంది. అందులో రెండో పాదం అయ్యాక మేమంతా ఆగిపోతాం. ఊపిరి తీసుకునేంత సేపు కాదు, ఇంకా ఎక్కువసేపు. ఆ తర్వాత మూడో పాదం అందుకుంటాం. పాటల పుస్తకంలో అక్కడ ఆగమని లేదు. చీడికాడ వైపు, మాడుగుల వైపు ఇదే పాట పాడేవాళ్ళెవరూ అక్కడ ఆగరు. మేమే ఆగుతాం. మా పిల్లలు కూడా ఎవరూ చెప్పకుండానే ఆగుతారు. కొత్తగా వచ్చిన ప్రతి పాస్టరుగారూ మొదట ఆశ్చర్యపోయి, తర్వాత నేర్పబోయి, ఆ తర్వాత కోప్పడి, చివరికి ట్రాన్స్‌ఫరై వెళ్ళిపోతారు. ఇప్పుడున్న పాస్టరుగారు గుంటూరు వైపు మనిషి. కీబోర్డు ఆయనే వాయిస్తారు. ఆయన వేళ్ళు మూడో పాదంలోకి వెళ్ళిపోతాయి, మేం ఇంకా రెండో పాదం చివర నోళ్ళు మూసుకుని నిలబడి ఉంటాం.

“బ్రదర్స్, సిస్టర్స్, యూట్యూబులో లైవ్ పోతోందండీ. నెట్టు ఆగిపోయిందనుకుంటున్నారండీ చూసేవాళ్ళు. దయచేసి ఆగొద్దండీ,” అని ఆయన మైకులో బతిమాలతారు. మేం “ఆమెన్” అంటాం. వచ్చే వారం మళ్ళీ ఆగుతాం.

ఎందుకాగుతామంటే, పాత హార్మోనియం తిత్తికి చిల్లుండేదని కొందరూ, ఒకప్పటి పాస్టరుగారికి ఉబ్బసమని కొందరూ చెబుతారు. ఈ రెండూ నేనే పుట్టించానని గిట్టనివాళ్ళంటారు. హార్మోనియం ఒక్కటే నాది.

అసలు సంగతి చెప్పింది అత్త. అత్త అంటే మా చర్చిలో అందరికీ అత్తే, ఎవరికీ సొంత అత్త కాదు. గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. వార్డులో రోగులు ఆవిడ అడుగుల చప్పుడు వింటేనే మందు మింగేసేవారని చెప్పుకుంటారు, ఇది నా కల్పన కాదు. ఒకరోజు పొద్దున్నే షాపు షట్టరు ఎత్తుతుంటే వచ్చి, కస్టమర్ల స్టూలు మీద కూర్చుంది.

“ఒరే, సర్చి సరిత్ర రాత్తన్నావట.”

“రాత్తన్నానత్తా.”

“మాయమ్మ సంగతి రాసేవా?”

“మీ అమ్మగారు ఏటి సేసేరత్తా?”

“నువ్వా పాటకాడ ఎందుకాగుతావురా?”

“అందరూ ఆగుతారని ఆగుతాను.”

“అదే మాయమ్మ సేసింది,” అంది అత్త.

ఆవిడ తల్లి బైబిలు స్త్రీ. అంటే, దొరసానులు ఆడవాళ్ళ దగ్గరికి పంపే మనిషి. చేతిలో పుస్తకం, కాళ్ళకి చెప్పుల్లేవు, పల్లెలెంబడి తిరగడం. కానీ ఎప్పుడు వెళ్ళినా ఇళ్ళల్లో ఆడవాళ్ళుండేవారు కాదట, పొలాల్లో ఉండేవారు. పొలంలోకి వెళ్ళి మాట్లాడితే పని ఆగిపోతోందని తరిమేసేవారు. ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా ఒక్కచోట ఉండేది చెరకు ఆడే రోజుల్లో, బెల్లం పొయ్యి దగ్గర. రసం కాగుతున్నంతసేపూ ఎండిన చెరకు పిప్పి పొయ్యిలోకి ఎగదోస్తూనే ఉండాలి. ఆవిడ వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంది. చేతికి పిప్పి అందిస్తూ పాట నేర్పింది. ఆ పొయ్యి ఉన్న పాక యజమాని రైతు, హిందువు. “పొయ్యి ఆరకుండా సూసుకోండి, ఏటి పాడుకున్నా నాకేటి,” అన్నాడట. రెండు పాదాలు పాడేవారు, ఆగి, వంగి, పిప్పి తోసేవారు, లేచి మూడో పాదం అందుకునేవారు. ఆ ఆడవాళ్ళే తర్వాత మా చర్చికి మొదటి సభ్యులు. చర్చి కట్టాక పొయ్యి లేదు, పిప్పి లేదు. ఆగడం మాత్రం వాళ్ళతోపాటు లోపలికొచ్చి కూర్చుంది.

“ఇది తెలిసినోళ్ళలో బతికున్నది నేనొక్కదాన్నేరా,” అంది అత్త. “సావనీరులో దొరల పేర్లుంటాయి, పాస్టర్ల పొటోలుంటాయి. మాయమ్మది ఒక్క ముక్కుండాల. లేకపోతే నాతో పోద్ది.”

ఆ ఒక్క ముక్క పడేదాకా ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చి స్టూలు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఆధార్ కార్డు జెరాక్స్‌కి వచ్చినవాళ్ళని నాలిక చాపమనేది. కళ్ళు కిందకి లాగి చూసి, “ఒంట్లో రక్తం లేదు, ముందు బెల్లం తిను, కార్డు తర్వాత,” అని పంపేసేది. నా బేరం సగం ఎదురు షాపుకి నడిచిపోయింది. ఇక లాభం లేదని, ఆవిడ చెప్పింది చెప్పినట్టు టైపు చేసి, ఒక్క అలంకారం కూడా తగిలించకుండా కమిటీకి పట్టుకెళ్ళాను. నా జీవితంలో అంత నిజం నేనెప్పుడూ రాయలేదు.

సెక్రటరీ బావ కళ్ళజోడు సర్దుకుని చదివాడు. మొహం చింతపండు నమిలినట్టు పెట్టాడు.

“ఇందులో ఏటున్నాది బావా?”

“చరిత్ర ఉన్నాది.”

“పొయ్యిలో పిప్పి ఎగదొయ్యడం సరిత్రేటి? మా ఇంట్లోనూ ఎగదోసేరు. బిషప్పుగారి ముందు పొగ, పిప్పి అని చదువుతావేటి?”

“ఆధారం ఏముంది బ్రదర్?” అన్నారు పాస్టరుగారు మెత్తగా. “ఏదైనా రిపోర్టులో ఉందా? ఫొటో ఉందా?”

“అత్త ఉందండి. రోజూ మా షాపులోనే ఉంది. పట్టుకెళ్ళిపోండి, దణ్ణం పెడతాను.”

“నువ్వు చెప్పే కథల్లో ఇదొకటి అనుకుంటారు బావా,” అన్నాడు సెక్రటరీ బావ. “పోనీ కథన్నా బాగుండాల కదా. ఇది నీ స్థాయికి తగ్గట్టు కూడా లేదు.”

అక్కడ నాకు తిక్కరేగింది. పునాదిరాయిని ఊరంతా మోసిందంటే నోరెత్తకుండా ఒప్పుకున్న మనుషులు! “సరే, స్థాయికి తగ్గట్టే వినండి,” అని, కుర్చీలో వెనక్కి వాలి, అప్పటికప్పుడు చెప్పాను. బైబిలు స్త్రీ ఒక సాయంత్రం చీడికాడ నుంచి ఒంటరిగా వస్తోంది. దారికడ్డంగా చిరుతపులి. ఆవిడ పరిగెత్తలేదు, అరవలేదు, పాట ఎత్తుకుంది. రెండో పాదం దగ్గరికొచ్చేసరికి చిరుత ఆగిపోయింది. ఆవిడా ఆగింది. ఇద్దరూ ఒకళ్ళ కళ్ళలోకి ఒకళ్ళు చూసుకున్నారు. చిరుత తల వంచి తుప్పల్లోకి తప్పుకుంది. ఆవిడ మూడో పాదం అందుకుంది. అదిగో, అందుకే మనం అక్కడ ఆగుతాం.

వెటకారంగా చెప్పాను. తల వంచడం దగ్గర నాకే నవ్వొచ్చింది. కానీ గదిలో ఎవరూ నవ్వలేదు. పాస్టరుగారి కళ్ళు చెమ్మగిల్లాయి.

“గుహలో సింహాలు ముట్టని దానియేలు గుర్తొస్తున్నాడు బ్రదర్,” అన్నారాయన.

“ఇది, బావా! ఇది సరిత్ర!” అన్నాడు సెక్రటరీ బావ బల్ల గుద్ది. “ఇన్నాళ్ళూ ఎందుకు దాసేవు?”

“ఆధారం ఏదని అడగరేటి?” అన్నాను.

“అంతమంది ఆగుతున్నాం కదా, ఇంకేటి ఆధారం?”

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కానీ అది కొత్తగా పెయింటు వేసిన గోడ. పోనీలే, ఏదో రకంగా ఆవిడ తల్లి చరిత్రలోకి ఎక్కింది కదా, అత్త నా స్టూలు వదులుతుంది కదా అనుకుని, చిరుతని టైపు చేసి సెక్రటరీ బావకి వాట్సాప్ చేశాను.

మర్నాడు అత్తకి చదివి వినిపించాను. చీడికాడ అనగానే కనుబొమలు ముడిచింది. చిరుత రాగానే చెయ్యెత్తి ఆపింది.

“మాయమ్మకి మేకంటేనే బయంరా.”

“కమిటీకి అలాగైతేనే నచ్చిందత్తా. ఏదైతేనేం, ఆవిడ పేరు…”

“పులినాపే మనిషికి పొయ్యికాడ పొగలో కూకోవలసిన కర్మేటిరా? ఎవులూ మాటాడనివ్వకపోతేనే కదా అక్కడికెళ్ళింది?” స్టూలు మీంచి లేచి నిలబడింది. “ఆగింది ఆడోళ్ళు. పన్లో ఉన్నోళ్ళు. నువ్వు పులాగిందని రాత్తే, ఆళ్ళాగినట్టు ఎక్కడుంటాది? తీసెయ్ దాన్ని.”

నలభై దాటాక నా నోరు అలా మూయించినవాళ్ళు తక్కువ. వెంటనే చిరుతని తీసేసి, పొయ్యిని పెట్టి, మళ్ళీ సెక్రటరీ బావకి పంపాను. “ఇదే ఫైనల్, పాతది వద్దు,” అని రాశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. దండం పెట్టే బొమ్మ ఒకటి వచ్చింది. అయిపోయిందనుకున్నాను.

ఆ దండం దేనికో పండుగ రోజు తెలిసింది. “నీ షాపులో కలర్ బాగోదు బావా,” అని సావనీరుని విశాఖపట్నంలో ప్రెస్సుకిచ్చారు. నేను చిరుతని పంపిన సాయంత్రమే ఇచ్చేశారు. తర్వాత పంపింది చూసి సెక్రటరీ బావ దండం పెట్టి ఊరుకున్నాడు, అంతే. షామియానా కింద కట్టలు విప్పి పంచుతుంటే ఒకటి తీసి చూశాను. చిరుత ఉంది. ఉండటమే కాదు, బొమ్మతో సహా ఉంది. ఇంటర్నెట్‌లోంచి తీసిన చిరుత, పేజీ నిండా, నోరు తెరుచుకుని, బిషప్పుగారి ఫొటో కంటే పెద్దది.

“బావా, ఏటిది?”

“బాగొచ్చింది కదా? ప్రెస్సోడే పెట్టేడు. ఎక్స్‌ట్రా ఏటీ అడగలేదు.”

“అత్త వినకూడదు బావా. ఆ పేజీ చదవొద్దని పాస్టరుగారికి చెప్పు.”

“ఇంకేటి చెప్పడం? ఆయన ప్రసంగమే దానిమీద.”

నేను పరిగెత్తే లోపే లోపల గంట కొట్టారు. బిషప్పుగారు మెడలో పూలదండతో ముందు కూర్చున్నారు, పక్కనే బల్ల మీద మాడుగుల హల్వా పెట్టె. అత్త ఆడవాళ్ళ వైపు ముందు వరసలో తెల్ల చీరలో, సావనీరు తెరవకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తన తల్లి ముక్క చదువుతారని తెలిసి, చెవులారా వినాలని వచ్చింది. నేను వెనక స్తంభం చాటుకి జరిగాను.

పాస్టరుగారు చదివారు. బాగా చదివారు, ఆ మాట ఒప్పుకోవాలి. నేను రాసినదానికంటే చిరుత కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తోక నేలకేసి కొట్టింది. జనం నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఆయన కీబోర్డు దగ్గరికి నడిచి, “ఇప్పుడు మనం ఆ పాట పాడదాం. ఇన్నాళ్ళూ ఆగొద్దన్నాను, క్షమించండి. ఈరోజు ఆ మృగం తల వంచిన క్షణాన్ని తలుచుకుని, రెండో పాదం దగ్గర అందరం ఆగుదాం,” అన్నారు.

“అయ్యగారూ, ఆగండి,” అంది అత్త.

లేచి నిలబడింది. మైకు అక్కర్లేని గొంతు అది, వార్డు ఈ చివర నుంచి ఆ చివరికి వినబడే గొంతు.

“పులీ లేదు, ఏటీ లేదు. అది ఈడు పుట్టించేడు,” అని స్తంభం వైపు చెయ్యి చూపించింది. చర్చి చర్చంతా వెనక్కి తిరిగింది. నేను స్తంభానికి అతుక్కుపోయాను గానీ, అది నా పొట్టకి చాలదు.

సెక్రటరీ బావ, “అత్తా, కూకో అత్తా, బిషప్పుగారు…” అంటూ లేచాడు. బిషప్పుగారు చెయ్యెత్తి ఆయన్ని కూర్చోబెట్టారు. “అమ్మా, మీరు చెప్పండి,” అన్నారు.

చెప్పింది. షాపులో నాకు చెప్పినట్టే, అంతే మాటల్లో. పొలంలోంచి తరిమేశారని, పొయ్యి దగ్గరకెళ్ళిందని, పిప్పి అందించిందని. చెబుతూ ఒకచోట వంగి, నేల మీంచి లేనిదేదో తీసి ముందుకి తోసి, లేచి నిలబడింది. “ఇంతసేపు పట్టేది. అదేనండీ,” అంది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఆడవాళ్ళ వైపు వెనక వరసలో ఒక ముసలమ్మ, “మాయమ్మా అక్కడే సేసేది,” అని పక్కావిడతో అంటున్న మాట అందరికీ వినబడింది.

“ఆ పొయ్యి ఎక్కడుండేదమ్మా?” అని అడిగారు బిషప్పుగారు.

“ఈ గోడకవతలండీ. ఇప్పుడు మోటారు సైకిళ్ళు పెడతన్నారే, అక్కడ.”

ఆయన తల ఊపారు. పాస్టరుగారు పాట మొదలుపెట్టారు. రెండో పాదం అయింది, ఆగాం. ఆయన వేళ్ళు కూడా ఆగాయి. ఎంతసేపు ఆగాలో తెలియక అత్త వైపు చూశారు. ఆవిడ తల ఊపాకే మూడో పాదం వాయించారు.

కథ అక్కడితో అయిపోయిందని నేను భోజనాల వైపు బయల్దేరితే, అత్త షామియానా కింద ఒక బల్ల వేయించి, పంచగా మిగిలిన సావనీరుల కట్టలు దానిమీద పెట్టించి, పెన్ను పట్టుకుని కూర్చుంది.

“రా. కూకో. పులిని కొట్టెయ్.”

“అన్నిట్లోనా?”

“అన్నిట్లోనూ. పంచినవి కూడా తెమ్మని సెప్పేను.”

ఎవరు తెస్తారు? జనం చిరుతని చీర కొంగుల కిందా, చేతిసంచుల్లోనూ దాచుకుని బిర్యానీ లైన్లో నిలబడ్డారు. “నా కాపీ ఎవులో పట్టుకెళ్ళిపోయేరత్తా,” అన్న మనిషి చంకలోనే ఉంది కాపీ. ఒకాయన నా చెవి దగ్గరికొచ్చి, “ఇంతకీ ఆ పులి మళ్ళీ కనబడిందా మావా?” అని అడిగి పోయాడు. నేను కడుపు మాడ్చుకుని గీతలు కొడుతున్నాను. కొట్టేసిన చోట పక్కన ఖాళీలో రాయమని అత్త చెబుతోంది.

“బెల్లం పొయ్యి దగ్గర కూర్చుని, పిప్పి అందిస్తూ, మధురంగా ఈ పాట నేర్పింది,” అని రాశాను.

“ఆ మదురం ఏటి? కొట్టెయ్. మాయమ్మది కాకిగొంతు.”

“కాకిగొంతని రాయనా మరి?” అన్నాను విసుగ్గా.

“రాయి. ఆ గొంతుతోనే నేర్పింది కదా.”

రాశాను. చెయ్యి పీకేదాకా రాశాను. ఆఖరికి సెక్రటరీ బావ తన కాపీ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు, దాన్ని గుండెలకి అదుముకుని.

“రాత కొట్టేసుకోండత్తా, కాదన్ను. బొమ్మ మాత్రం ఉంచండి. మనవడికి చూపిత్తానని మాటిచ్చేను.”

అత్త చిరుత బొమ్మని దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి చూసింది.

“ఉండనీ. దానిది తప్పేటున్నాది,” అంది.

అందుచేత మా చర్చి సావనీరులో ఇప్పుడు ఒక పేజీ ఉంది. అందులో ఒక బైబిలు స్త్రీ బెల్లం పొయ్యి దగ్గర కూర్చుని కాకిగొంతుతో పాట నేర్పుతుంది. దాని పక్క పేజీలో, ఏ సంబంధమూ లేకుండా, ఏ వివరణా లేకుండా, పేజీ నిండా ఒక చిరుత నోరు తెరుచుకుని ఉంటుంది. అదెందుకుందని జనం నా షాపుకొచ్చి నన్నే అడుగుతున్నారు. నిజం చెబితే నమ్మటం లేదు.